కార్లను మోసిన బస్సు

ఎడిన్‌బరా వెళ్ళినవారు కోట చూసి వస్తారు. మొన్న వేసవిలో మేము, మా అబ్బాయి పోరు పడలేక, మర్చిస్టన్ మ్యూస్ అనే చిన్న సందు కూడా చూశాం. ఎకూరీ ఎకోస్ అనే పందెంకార్ల జట్టు గ్యారేజి ఒకప్పుడు అక్కడే ఉండేది. ఫ్రాన్సులో జరిగే ల మాన్ 24 గంటల పందెం 1956లోను, 1957లోను ఆ జట్టు జాగ్వార్ కార్లే గెలిచాయి.

నాన్నగారు ఆర్.టి.సి. డిపోలో ముప్ఫయ్యేళ్ళు మెకానిక్కు. మా దగ్గరకు వచ్చి నెలైనా, "ఇక్కడ నాకేం పనిరా" అంటూ కిటికీ దగ్గరే కూర్చునేవారు. ఆ సందులో ఉన్నట్టుండి, "కార్లు అంతదూరం ఎట్లా చేరేవిరా?" అన్నారు. సీట్లు తీసి మార్చుకున్న పాత లేలాండ్ బస్సుల్లో అని చెప్పాం.

"లేలాండా! వెనక గోడ కోస్తే బాడీ వదులైపోదూ? దేంతో బిగించారో!"

1960 ప్రాంతంలో ఫాల్కిర్క్ బస్సుల కంపెనీ అలెగ్జాండర్, కామర్ ఛాసిస్ మీద ఆ జట్టుకు ప్రత్యేకంగా బాడీ కట్టింది. పైన రెండు కార్లు, లోపల ఒకటి, మరమ్మతులకు బల్ల. మూడు సిలిండర్లలో ఆరు పిస్టన్లు ఎదురెదురుగా ఆడే ఇంజను. 2013లో లండన్ వేలంలో ఆ బండి దాదాపు 18 లక్షల పౌన్లు పలికింది.

ధర విని మా అబ్బాయి నోరు తెరిచాడు. "మోసేది మొరాయిస్తే పందెమే లేదురా" అన్నారు తాతగారు. తిరుగు రైల్లో మనవడి నోటుపుస్తకంలో ఆ ఇంజను గీస్తూనే ఉన్నారు.

మర్నాడు కిటికీ దగ్గర ఆయన లేరు. పక్కింటివారి కారు బానెట్టు ఎత్తి ఉంది.