పట్టింది కదా అని పేల్చకూడదు

మిర్యాలగూడ దోస్తు డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. "అరేయ్, 1890ల నాటి .450 డబుల్ రైఫిల్ దొరికింది. కొలరాడోలో ఎల్క్ వేటకి కొననా?" మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టంతో వేట బంద్. అక్కడ లైసెన్సు, సీజను ఉంటే సరే.

నాకు తుపాకులంటే సూర్యాపేట తాత చెప్పిన భర్మార్ కథలే. సాయుధ పోరాటం (1946-51) రోజుల్లో మందూ గుండూ గొట్టం మూతిలోంచే దట్టించేవాళ్ళు. "మందెంత పోస్తివని కాదు బిడ్డా, గొట్టం ఎంత ఓపుతదో సూడాలె" అనేవాడు. ఆయన ఎడమచేతికి మూడు వేళ్ళే.

తర్వాత కాస్త చదివి వాడికి చెప్పా. పాత .450లు బ్లాక్ పౌడర్‌కి చేసినవి. 1898లో రిగ్బీ కంపెనీ అదే కొలత తూటాలో కార్డైట్ నింపి .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చింది. అది పాత గొట్టంలోనూ చక్కగా పడుతుంది. పేలిస్తే మాత్రం ఆ ఒత్తిడికి గొట్టం పగలొచ్చు. కంపైల్ అయింది కదా అని ప్రొడక్షన్‌లోకి తోసే మన అలవాటే! కాకపోతే వేళ్ళకి రోల్‌బ్యాక్ లేదు.

అందుకే ముందు గొట్టం మీద ప్రూఫ్ ముద్ర చూడు, గన్‌స్మిత్‌కి చూపించు, ఆ తర్వాతే తూటా కొను అన్నా.

"ఇంతకీ నువ్వెప్పుడైనా పేల్చావా?" అన్నాడు.

పేల్చా, కోదాడలో. దీపావళికి, రీలు తుపాకీ :)