బంగారు నేలలో దొంగ కూత

"కుయ్... కుయ్యోయ్..."

మా అల్లుడి చేతిలో యంత్రం ఒకటే అరుపు. రాయి మీద పెట్టినా అరుపే, చెట్టు మొదట్లో పెట్టినా అరుపే, ఖాళీ నేల మీద ఊపినా అరుపే! మా మనవడు మొదట్లో ప్రతి కూతకీ గంతులేశాడు. డజను గుంతలు తవ్వాక దొరికినవి ఒక తుప్పు మేకు, రెండు సీసపు గుండ్లు. దాంతో వాడికీ విసుగొచ్చి, చెట్టు నీడకి పోయి బిస్కెట్ల పొట్లం విప్పాడు. మా ఆవిడ మాత్రం ఊరుకోలేకపోయింది. "ఇక్కడ నేలంతా బంగారమేనా నాయనా, లేక మీ మిషన్‌కి పిచ్చేమైనా పట్టిందా?" అనేసింది.

మేం ఉన్నది ఆస్ట్రేలియాలోని మొలియగల్‌లో. మెల్‌బోర్న్ నుంచి వాయవ్యంగా రెండొందల కిలోమీటర్ల దూరం. ఊరు అనడానికి మనకి నోరు రాదు. అక్కడో ఇల్లు, ఇక్కడో ఇల్లు, చుట్టూ ఐరన్‌బార్క్ చెట్ల అడవి. నల్లగా, పగుళ్లు తేలిన బెరడు. కింద ఎర్రమట్టి, అందులో తెల్లటి పలుగురాళ్లు. మాది పత్తికొండ దగ్గర. ఆ మట్టి రంగు చూడగానే నాకు మా జొన్నగిరి, తుగ్గలి చేలు గుర్తొచ్చాయి. తొలకరి పడగానే వజ్రాల కోసం ఆ చేలల్లో నడుములు వంచి నడిచే జనం కళ్ల ముందు మెదిలారు. మా దగ్గర యంత్రాల్లేవు, కళ్లే.

మొన్న ఈస్టర్ సెలవులకి అమ్మాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు "మామయ్యా, ఈసారి బీచ్‌లూ గీచ్‌లూ వద్దు, బంగారం వెతుకుదాం రండి" అన్నాడు అల్లుడు. నేను నవ్వులాటనుకున్నాను. తీరా చూస్తే కారు డిక్కీలో గొడ్డలిలాంటి పిక్కు, ప్లాస్టిక్ చేట, కొత్త మెటల్ డిటెక్టర్ సిద్ధం! ఇక్కడ ఇదో పెద్ద సరదా. వారాంతం వస్తే టెంట్లు వేసుకుని మరీ వెతుకుతారు. ప్రభుత్వమే 'మైనర్స్ రైట్' అని పదేళ్లకి చెల్లే చీటీ ఇస్తుంది. నాకూ ఒకటి తీయించాడు. చేతి పనిముట్లే వాడాలి, తవ్విన గుంత పూడ్చాలి, నేషనల్ పార్కుల్లాంటి చోట్లకి పోకూడదు... ఇవీ షరతులు.

ఆ చీటీ వెనక పెద్ద కథే ఉంది. దారిలో బల్లరాట్ ఊరొస్తుంది. బంగారం దొరికినా దొరక్కపోయినా లైసెన్సు రుసుము కట్టాలన్నందుకు 1854 డిసెంబరు 3న అక్కడి గని కూలీలు తుపాకులు పట్టుకుని సైన్యానికి ఎదురు నిలిచారు. రక్తం చిందింది. మర్నాటి ఏడాదే ఆ లైసెన్సు పోయి, ఏడాదికి ఒక పౌండు రుసుముతో మైనర్స్ రైట్ వచ్చింది. అప్పటి పోరాటపు హక్కు ఇప్పుడు నా జేబులో మడతపెట్టిన కాగితమైంది.

మొలియగల్ పేరు నిలిచింది 1869 ఫిబ్రవరి 5 వల్ల. జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరు స్నేహితులకి ఓ చెట్టు వేళ్ల దగ్గర, పైమట్టికి అంగుళం లోతులో ఓ ముద్ద తగిలింది. రాళ్లూ మట్టీ తీసేసి శుద్ధి చేశాక డెబ్బై కిలోల పైమాటే! దాని పేరు 'వెల్‌కమ్ స్ట్రేంజర్'. రాతిలో కలిసిన గడ్డల్ని పక్కన పెడితే, ప్రపంచంలో విడిగా దొరికిన బంగారు ముద్దల్లో అదే అతి పెద్దది. తూచడానికి డనోలీలో అంత పెద్ద త్రాసు లేకపోతే కమ్మరి దాగలి మీద పెట్టి ముక్కలు చేశారు. ఆ దాగలి ఇప్పటికీ డనోలీ మ్యూజియంలో ఉంది. దానిమీద చెయ్యి వేసి మా ఆవిడ కళ్లకద్దుకుంది. (ఏం దణ్ణమో అడగలేదు నేను.)

ఇంకో ముద్ద కథ వింటే ఈ యంత్రాల మీద జనానికి ఇంత మోజు ఎందుకో తెలుస్తుంది. 1980లో ఇక్కడికి దగ్గర్లోనే, కింగోవర్ వద్ద, కెవిన్ హిల్లియర్ అనే ఆయనకి అమెరికాలో తయారైన గ్యారెట్ డిటెక్టర్ కూత పెట్టి 27 కిలోల ముద్దని చూపించింది. 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' అంటారు దాన్ని. లాస్‌వెగాస్‌లోని ఓ కేసినో పది లక్షల డాలర్లకు పైగా పోసి కొనుక్కుంది. ఆ తరవాత డిటెక్టర్ కొనని వాడు పాపి అన్నట్టయింది ఈ ప్రాంతంలో.

అయితే ఈ మట్టికో తిక్క ఉంది. దీని నిండా ఇనుము. అందుకే అంత ఎరుపు. మామూలు డిటెక్టర్‌కి ఆ ఇనుపమట్టి కూడా లోహంలాగే వినిపిస్తుంది. నేలంతా అరుస్తుంటే అందులో గోరంత బంగారం సన్నగా పలికితే ఎవరికి వినిపిస్తుంది? సంతలో చీమ దగ్గు విన్నట్టే! అడిలైడ్‌లో 1985లో మొదలైన మైన్‌ల్యాబ్ అనే కంపెనీ, అందులో బ్రూస్ క్యాండీ అనే శాస్త్రవేత్త ఈ తిక్క మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. చుట్టలోకి కరెంటు దెబ్బ కొట్టి ఠక్కున ఆపేయడం, ఆపాక భూమిలోంచి వచ్చే బదులు వినడం. పొట్టి దెబ్బ ఒకటి, పొడుగు దెబ్బ ఒకటి. రెండింటి బదుళ్లనూ పోల్చి మట్టి గొంతుని తీసేస్తే మిగిలింది లోహం గొంతు. 1995లో ఆ పద్ధతితో ఎస్‌డీ 2000 అనే యంత్రం వచ్చింది. అప్పటికే వందసార్లు వెతికి వదిలేసిన చోట్ల మళ్లీ బంగారం దొరకడం మొదలైంది.

ఇంత చెప్పాక మా అల్లుడి యంత్రం సంగతికి వస్తాను. పెట్టె మీద మైన్‌ల్యాబ్ పేరే. పచ్చటి స్టిక్కరూ, పుస్తకమూ, హెడ్‌ఫోనూ అన్నీ ఉన్నాయి. ఆన్‌లైన్లో ఎవరి దగ్గరో అసలు ధరలో సగానికంటే తక్కువకి, 1,800 డాలర్లకి కొన్నాడు. "పండగ ఆఫర్ మామయ్యా" అని మురిసిపోయాడు కూడా.

మా అవస్థ చూసి పక్క టెంటు ముసలాయన నెమ్మదిగా నడిచి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఇక్కడే తవ్వుతున్నాడట. ముఖం కూడా ఈ మట్టి రంగుకే తిరిగింది. యంత్రాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. తిరగేసి స్టిక్కరు మీద అక్షరాలు చదివాడు. ప్లాస్టిక్ అతుకు మీద గోరుతో గీశాడు. ఇంటి పెద్దకి జబ్బు సంగతి చెప్పే డాక్టరులా ఓ నిమిషం ఆగి, "ఇది అడిలైడ్ ఎప్పుడూ చూసి ఉండదు" అన్నాడు. మా వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పైన పటారం, లోన లొటారం" అంది మా ఆవిడ తెలుగులో. ముసలాయన అర్థమైనట్టే తల ఊపాడు.

తన యంత్రం తెచ్చి హెడ్‌ఫోను నా చెవులకి పెట్టాడు. సన్నగా, తుమ్మెద రొదలాగా ఒకే సుతి. అదే ఎర్రమట్టి మీద ఎంతసేపు ఊపినా ఆ సుతి చెదరలేదు. ఓ పలుగురాయి పక్కన మాత్రం కాస్త వంగి, మళ్లీ లేచింది. అంతే. నేనైతే గమనించేవాణ్నే కాదు. ఆయన వేలు చూపించాడు. జానెడు తవ్వితే కందిగింజలో సగం బంగారం! మనవడి అరచేతిలో పెట్టి, వాడు తనివితీరా చూశాక తిరిగి తీసుకుని సీసాలో వేసుకున్నాడు. ఇచ్చేస్తాడేమోనని ఓ క్షణం ఆశపడ్డ మాట నిజం.

ఆ సాయంత్రం నిప్పు చుట్టూ కూర్చున్నప్పుడు ఆయన చెప్పింది, ఇంటికొచ్చాక నేను చదివింది కలిపితే ఈ దొంగ యంత్రం పుట్టుక తెలిసింది. మైన్‌ల్యాబ్‌ని 2008లో కోడాన్ అనే అడిలైడ్ కంపెనీయే కొనుక్కుంది. ఆ కంపెనీ ఉద్యోగి ఒకరు 2011లో చైనా వెళ్లి, హోటల్ వైఫైకి లాప్‌టాప్ కలిపారు. దాని ద్వారా దొంగలు చొరబడి డిటెక్టర్ నమూనాలు ఎత్తుకుపోయారు. ఎవరికీ తెలియలేదు. చెడిపోయాయంటూ రిపేరుకు వచ్చిన యంత్రాల్ని విప్పి చూస్తే లోపల నాసిరకం భాగాలు! అప్పటికి కంపెనీకి జ్ఞానోదయమైంది.

ఆ నకళ్లు ఎక్కువగా వెళ్లింది ఆస్ట్రేలియాకి కాదు. దుబాయ్ మీదుగా ఆఫ్రికాకి, ముఖ్యంగా సూడాన్‌కి. 2011లో దక్షిణ సూడాన్ విడిపోయి చమురు చాలావరకు అటు పోయాక, సూడాన్‌లో లక్షల మంది ఎడారిలో బంగారం వేటకి దిగారు. నకళ్లతో పోటీకి కంపెనీ ధరలు తెగ్గోయాల్సి వచ్చింది. 4.5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లుండే కోడాన్ ఏడాది లాభం, 2014 జూన్‌తో ముగిసిన సంవత్సరానికి 92 లక్షలకి పడిపోయింది. పరిశోధకుల్ని పెట్టి వెతికించారు, చైనాలో కొందరికి జైలుశిక్ష పడింది. కంపెనీ తరవాత కోలుకుంది.

కంపెనీ సంగతి సరే. నాకు ఆ సూడాన్ మనిషి గుర్తొస్తున్నాడు. ఎందుకంటే జొన్నగిరిలో ఆ మనిషిని చూశాను. కూలి పనులు మానేసి, పక్క జిల్లాల నుంచి పిల్లల్ని వెంటేసుకుని వచ్చి, చెట్ల కింద వంటలు చేసుకుంటూ వారాల తరబడి వెతికేవాళ్లు. అలాంటివాళ్లు నలుగురు కలిసి అప్పుచేసి ఓ యంత్రం కొంటే, అది మా అల్లుడి యంత్రంలా అన్నింటికీ అరిస్తే? మా వాడికి పోయింది ఓ సెలవు సరదా. వాళ్లకి పోయేది ఆ ఏడాది తిండి.

నకలు అనగానే అంతా ఒకటే అనుకోకండి. పేటెంటు గడువు ఇరవై ఏళ్లు. అది తీరాక ఆ పద్ధతితో ఎవరైనా యంత్రం చేసుకోవచ్చు, తన పేరు పెట్టి అమ్ముకోవచ్చు. ఇంట్లో కూర్చుని సొంతంగా డిటెక్టర్లు బిగించుకునే ఔత్సాహికులు బోలెడుమంది. ఫలానా డిజైను మాదంటే మాదని వాళ్లలో వాళ్లు పోట్లాడుకోవడమూ ఉంది. అసలు కొందరు పేటెంటే వద్దనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జోసెఫ్ కొసాట్స్కీ అనే పోలండ్ సైనికాధికారి మందుపాతరలు పసిగట్టే డిటెక్టర్ తయారుచేసి, పేటెంటు తీసుకోకుండా బ్రిటిష్ సైన్యానికి ఊరికే ఇచ్చేశాడు. 1942లో ఎల్ అలమైన్ ఎడారి యుద్ధంలో అవి ఎందరి కాళ్లూ ప్రాణాలూ కాపాడాయో! రాజుగారి నుంచి ఆయనకి వచ్చింది ఓ కృతజ్ఞతల ఉత్తరం. ఇవ్వడం అది. ఒకరి పేరు అంటించుకుని అమ్మడం వేరు.

అలాగని అసలు యంత్రాల ధర చూస్తే మాత్రం నాకూ కళ్లు తిరిగాయి. వేల డాలర్లు! మధ్యతరగతివాడు సగం ధరకి ఆశపడడంలో వింతేముంది? ఈ మాట ముసలాయనతో అంటే, "అందుకే సెకండ్‌హ్యాండ్‌ది, తెలిసినవాడి దగ్గర, మట్టిలో ఊపి చూసి కొనుక్కోవాలి" అన్నాడు. మనం ఎద్దుని దున్నించి చూసి కొన్నట్టన్నమాట.

తిరుగు ప్రయాణంలో కార్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మినవాడు ఫోనెత్తడం మానేశాడు. బల్లరాట్ దాటాక అల్లుడు మెల్లగా, "పోనీ వెయ్యి డాలర్లకి ఎవరికైనా అమ్మేస్తే..." అన్నాడు. ముందు సీట్లోంచి మా అమ్మాయి, "అమ్మేటప్పుడు నకిలీ అని చెబుతావా?" అంది. "చెబితే ఎవరు కొంటారు?" అన్నాడు. నేనూ పెద్దవాడినై ఉండి ఏమీ అనలేదు. అల్లుడి డబ్బు, అల్లుడి కష్టం. పైగా 1,800 డాలర్లంటే మన లెక్కలో ఎంతో మనసులో గుణించుకుంటున్నాను అప్పటికి.

మేం హైదరాబాద్ విమానం ఎక్కే రోజు పెట్టెల కోసం గరాజ్‌లోకి వెళితే, గడ్డి కోసే మిషన్ పక్కన గోడకి ఆనించి ఉంది. పచ్చ స్టిక్కరు గీకేసి ఉంది. మనవడు దానిమీద స్కెచ్ పెన్నుతో తెలుగులో 'డూప్లికేట్, తాతగారి' అని రాసిపెట్టాడు.