జెర్రి అనుకున్నది రైలట

పోస్టు కొంచెం పొడుగైంది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

మేము శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన ఆదివారం టౌన్లో చిత్రకళా ప్రదర్శన ఉందని, ప్రవేశం ఉచితమని నోటీసు బోర్డులో చూసి నలుగురమ్మాయిలం బయల్దేరాం. ఇద్దరం సవరలం, ఒకామె జాతాపు, ఒకామె గదబ. వార్డెన్ మేడమ్ రిజిస్టర్లో సంతకాలు పెట్టించుకుని, ఐదింటికల్లా లోపలుండాలని చెప్పి పంపారు.

గుమ్మం దగ్గర కాసేపు ఆగిపోయాం. చెప్పులు విప్పాలా వద్దా తెలీదు. లోపల అందరూ చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా నడుస్తున్నారు. మేమూ అలాగే కట్టుకుని లోపలికెళ్లాం.

మొదట్లో కళింగపట్నం దీపస్తంభం, శ్రీముఖలింగం గుడి, శాలిహుండం కొండ ఉన్నాయి. అన్నీ నీటిరంగుల బొమ్మలు. బాగున్నాయి. కానీ మమ్మల్ని నిలబెట్టేసింది మాత్రం రంగే లేని ఒక బొమ్మ. తెల్ల కాగితం మీద బొగ్గుతో గీసిన సీతంపేట సంత. అనాసపండ్ల గుట్టలు, కొండచీపుర్ల కట్టలు, ఒక షావుకారు, అతని ముందు చింతపండు తెచ్చిన ఒక ముసలామె. ఆమె చూపు షావుకారు మొహం మీద లేదు, కాటా ముల్లు మీద ఉంది. అంతే. ఆ ఒక్క చూపు చూడగానే మా అందరికీ ఎవరి అమ్మ వాళ్లకి గుర్తొచ్చింది. సంతకెళ్లిన ప్రతిసారీ అమ్మ కళ్లు అలాగే ఉంటాయి. ముల్లు ఎక్కడ ఆగిందో ఆమెకి చదవడం రాదు, అయినా చూస్తూనే ఉంటుంది. ఆ గీసినాయన ఎవరో మనవాడు కాడు, పేరు చూస్తే తెలిసింది. కానీ సంతలో చాలాసేపు కూర్చుని చూసినవాడు. మనవాళ్లు కానివాళ్లు మన బొమ్మ గీస్తే తప్పేమీ లేదని ఆ బొమ్మ దగ్గరే అనిపించింది.

రెండో గదిలో పెద్ద ఆయిల్ పెయింటింగ్ ఉంది. ధర 18,000. కింద 'గిరిపుత్రిక' అని రాశారు. రవికె లేని ఒక అమ్మాయి, మెడ నిండా పూసలు, నడుం మీద కుండ, వెనక కొండలు. జనం ఎక్కువగా దీని దగ్గరే ఫొటోలు తీసుకుంటున్నారు. పూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి గీసినట్టున్నాయి, మొహంలో మాత్రం ఏమీ లేదు. ఆకలి లేదు, కోపం లేదు, అలుపు లేదు. మా గదబ స్నేహితురాలు మెల్లగా అంది, "కుండ అలగ పట్టుకుంటే ఇంటికి చుక్క నీరు చేరదే". నవ్వాం. అంతలో పక్కనున్న ఒకాయన బొమ్మని చూసి, తిరిగి మమ్మల్ని చూశాడు. మళ్లీ బొమ్మని చూశాడు. మా నవ్వు ఆగిపోయింది. చున్నీలు సర్దుకుని పక్క గదిలోకి వెళ్లిపోయాం. ఆయన చెడ్డవాడని అనడం లేదు. ఆ బొమ్మ ఆయనకి అలా చూడడం నేర్పింది. మన గురించి గీసిన బొమ్మ మనల్ని ఎవరు ఎలా చూడాలో కూడా చెప్తుందని అప్పుడు తెలిసింది.

ఆఖరి గదిలో, మెట్ల పక్కన, చేతివృత్తుల బల్ల మీద ఉంది మన బొమ్మ. సవర బొమ్మ. బట్ట మీద ఎర్ర రంగు, దాని మీద తెల్ల గీతలు. చుట్టూ చట్రం, లోపల వరసలు వరసలుగా మనుషులు, కోతులు ఎక్కుతున్న చెట్టు, గుర్రం మీద ఒకడు, ఏనుగు, సూర్యుడు, చంద్రుడు, నిచ్చెన. మేం ఇద్దరం ఒకేసారి "మనదే!" అని గట్టిగా అనేశాం. అక్కడ ఉన్న ఒక మేడమ్ ఇటు తిరిగి అడిగారు.

"ఇది వార్లీ కదమ్మా?"

"కాదు మేడమ్, సవర. మాదే."

"ఓ, మీదేనా! అయితే ఈ నిచ్చెనకి అర్థం ఏంటి?"

మా దగ్గర మాట లేదు. మాలో ఒకరం "సంతోషానికి గుర్తు మేడమ్" అన్నాం. ఆమె తలూపి, ఫోన్లో రాసుకుని వెళ్లిపోయారు. ఆ అబద్ధం ఇప్పటికీ ఎక్కడో ఒక ఫోన్లో ఉంది.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. మా పాత ఇంట్లో, లోపలి గోడ మీద ఇలాంటి బొమ్మే ఉండేది. ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి కలిపి, వెదురుపుల్ల కొస నలగ్గొట్టి గీసింది. కింది వరసలో పొడుగ్గా, బోలెడు కాళ్లతో ఒకటి ఉండేది. మేం దాన్ని జెర్రి అని పిలిచేవాళ్లం. ఏడో తరగతి సెలవులకి ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చినప్పుడు, స్కూల్లో స్నేహితులు వస్తారని, ఇల్లు పాతగా ఉందని నాన్నతో పోరు పెట్టి సున్నం తెప్పించాం. బ్రష్ పట్టుకుంది మేమే. తాత గుమ్మంలో కూర్చుని చూశాడు. ఒక్క మాట అనలేదు. సున్నం ఆరాక ఆ గోడ మొదట్లో గుప్పెడు బియ్యం పెట్టాడు. ఎందుకని మేం అడగలేదు.

బల్ల దగ్గర ఇంకోటి గమనించాం. మిగతా బొమ్మలన్నిటి కింద గీసినవాళ్ల పేరు, ఊరు, డిగ్రీ ఉన్నాయి. దీని కింద 'ట్రైబల్ ఆర్ట్, 1,200' అని మాత్రమే ఉంది. నిర్వాహకుల్లో ఒక సార్‌ని అడిగాం, పేరెందుకు రాయలేదని. "ఇది సంప్రదాయ కళ కదమ్మా, మీ అందరిదీ. ఒకరి పేరు ఏముంటుంది?" అన్నారు. వెటకారంగా అనలేదు, మామూలుగానే అన్నారు. అందుకే జవాబు వెంటనే దొరకలేదు. నిజానికి మా గోడ మీద బొమ్మకీ పేరు లేదు. మనవాళ్లు దాన్ని మనుషులు మెచ్చుకోడానికి వేయలేదు. చనిపోయినవాళ్ల కోసం, ఇంట్లో జబ్బు చేసినప్పుడు, పంట బాగుండాలని వేశారు.

కానీ గోడ మీద ఉన్నప్పుడు దానికి ధర కూడా లేదు కదా. అదే చెప్పాం. "ధర రాశారు కాబట్టి పేరు కూడా రాయండి సార్." వార్లీ బొమ్మలు కూడా ఒకప్పుడు గోడల మీదివే. ఈరోజు జివ్య సోమ మాషే అంటే లోకానికి తెలుసు, 2011లో పద్మశ్రీ ఇచ్చారు. గోండు బొమ్మలంటే జంగఢ్ సింగ్ శ్యామ్ పేరు చెప్తారు. మన బొమ్మ వేసినాయనకీ ఒక పేరుంటుంది కదా. సార్ కాసేపు ఆలోచించి, సరుకు దింపిన పుస్తకం తిరగేశారు. పేరు, ఊరు దొరికాయి. పొద్దున్నే వచ్చి, ఆఖరి బస్సు పోతుందని మధ్యాహ్నమే వెళ్లిపోయారట. సార్ ఇచ్చిన తెల్ల కాగితం మీద పేరు, ఊరు మేమే రాసి అతికించాం. ఆ పెద్దాయన్ని అడక్కుండా ఆ పేరు ఇక్కడ పెట్టడం బాగోదని రాయడం లేదు. మా చేతిరాత వంకరగా ఉంది, కానీ పేరు కనిపిస్తోంది.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాం. సిగ్నల్ కోసం తమ్ముడు ఫోన్ పట్టుకుని గట్టు ఎక్కితే, తాత కూడా వెనకే వచ్చాడు. నిచ్చెనకి అర్థం ఏటి తాతా అని అడిగాం. తాత సవరలో మాట్లాడతాడు. మేం సగం సవర, సగం తెలుగు. తాత అన్నదాన్ని తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"ఎవరి కోసం వేశారో తెలీకుండా అర్థం ఎలా చెప్తాను? ఒక్కో ఇంటి బొమ్మ ఒక్కోటి. మన ఇంట్లోది మా అన్న కోసం వేయించాం. అస్సాం తేయాకు తోటలకి రైలెక్కి పోయాడు. తిరిగి రాలేదు. అక్కడే పోయాడని తోటి కూలీలు చెప్పారు. ఎక్కడికని వెతుకుతాం? ఇంట్లో బొమ్మ వేయించి, ఇక్కడికొచ్చి ఉండు అన్నాం. అందుకే రైలు కూడా వేయించాం, దారి తెలుస్తుందని."

జెర్రి కాదు, రైలు.

చాలాసేపు మేం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సున్నం వేస్తుంటే ఎందుకు ఆపలేదు తాతా?" అని అడిగాం. తాత అన్నాడు, "మీరు చదువుకుంటున్నారు, మీకు తెలిసే చేస్తున్నారు అనుకున్నాను."

ఈ మాట ఎవరికీ చెప్పకూడదనుకున్నాం. తర్వాత ఆలోచించి ఇక్కడే రాస్తున్నాం, ఎందుకంటే ఈ గ్రూపులో చాలామందిమి ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లమే. చదువు మనకి తక్కువేమీ ఇవ్వలేదు. ధర ఉన్నచోట పేరు అడిగే ధైర్యం చదువే ఇచ్చింది. కానీ తెలిసే చేస్తున్నాం అని పెద్దవాళ్లు నమ్మినప్పుడు, మనకి ఏమీ తెలియదు.

ఎల్విన్ అనే ఆయన సవరల మీద 1955లో పెద్ద పుస్తకం వేశారు. గిడుగు రామమూర్తి గారు మన భాష నేర్చుకుని నిఘంటువే రాశారు. అవి చదవాలి, చదువుతాం. కానీ మా పెద్దతాత రైలు ఏ పుస్తకంలోనూ ఉండదు. అది మా తాత దగ్గర మాత్రమే ఉంది. తాతకి ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు.

సంక్రాంతి సెలవులకి వెళ్తున్నాం. సున్నం గీకితే కింద బొమ్మ వస్తుందో రాదో తెలీదు. రాకపోతే తాత చెప్తుంటే రాసుకుంటాం. మళ్లీ వేయాలా వద్దా, ఎవరు వేయాలి అనేది తాతే చెప్పాలి, అది మా ఇష్టం కాదు.

మీ ఇంట్లో గోడ బొమ్మ ఉంటే, లేదా ఒకప్పుడు ఉండి ఉంటే, ఫొటో పెట్టే ముందు ఒక్కటి అడగండి. "దీనికి అర్థం ఏటి?" అని కాదు, "ఇది ఎవరి కోసం వేశారు?" అని. వాళ్లు చెప్పమంటేనే ఇక్కడ చెప్పండి. వద్దంటే మీ దగ్గరే దాచుకోండి.

జై జోహార్.