ఎవరి చేతిలో ఉంది?

మాది జనగామ. మా బాపు కాజీపేట కేంద్రంగా రైలు ఇంజనులో సహాయ డ్రైవరుగా పనిచేసేవారు. మహబూబాబాదు మీదుగా డోర్నకలుకు వెళ్ళే దారిలో సిగ్నలు కనబడగానే ఆయన దాని రంగును బిగ్గరగా పలకాలి. డ్రైవరు దానిని మళ్ళీ పలకాలి. అది నియమం. "ఇద్దరికీ కనబడేదే కదా, పలకడమెందుకు బాపూ?" అని చిన్నతనంలో అడిగాను. "నేను చూసిన సంగతి నాకు ఎరుక. డ్రైవరుకు ఎట్ల ఎరుకైతది బిడ్డా?" అన్నారు. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసిన మా మేనమామదీ అదే అనుభవం. టబ్బులను తాడుతో లాగే యంత్రం నడిపేవారికి గని లోపలివారు కనబడరు. గంట మోతే వారి మధ్య మాట. ఈ మాటల విలువ నేలమీద ఉన్నంతకాలం నాకు బోధపడలేదు.

హైదరాబాదు సమీపంలో విమానం నడపడం నేర్చుకుంటున్న రోజులవి. మాది సెస్నా 152, రెండే సీట్లు. ఎడమవైపు నేను, కుడివైపు గురువుగారు. ఇద్దరి ముందూ చెరొక కంట్రోలు, కాళ్ళ దగ్గర పెడళ్ళు ఉంటాయి. అవి లోపల జతపరచి ఉంటాయి కనుక ఒకటి కదిలితే రెండవదీ కదులుతుంది. గాలి తాకిడికి కూడా కదులుతుంది. కాబట్టి ఆ కదలికను చూసి అవతలివారు పట్టుకున్నారో లేదో చెప్పలేము.

ఒకనాటి సాయంత్రం వేయి అడుగుల ఎత్తున రన్‌వే వైపు మళ్ళుతున్నాము. గాలి కుదుపుతోంది. గురువుగారు కంట్రోలుపై చేయి ఆనించి, "సరే, ఇక చూద్దాం" అన్నారు. ఆయన తీసుకున్నారనుకొని నేను చేతులు వదిలాను. నేను నడుపుతున్నాననుకొని ఆయనా చేయి తీశారు. ఎడమ రెక్క మెల్లగా వాలింది. విమానం ముక్కు కిందికి దిగసాగింది. నాకు సందేహం కలగకపోలేదు. కాని గురువును ప్రశ్నించడం అవినయమనుకొని నోరు మెదపలేదు. కొన్ని క్షణాలపాటు ఆ విమానాన్ని ఎవరూ నడపలేదు. అంతలో గురువుగారు "ఐ హావ్ కంట్రోల్" అని గట్టిగా పలికి దానిని సరిచేశారు.

నేలకు దిగిన తరువాత ఆయన కోపగించలేదు. "స్పష్టంగా చెప్పకపోవడం నా తప్పు. అనుమానం వచ్చినా అడగకపోవడం నీ తప్పు" అన్నారు. ఆపైన పద్ధతిని మళ్ళీ చెప్పించారు. అప్పగించేవారు "యు హావ్ కంట్రోల్" అనాలి. అందుకొనేవారు "ఐ హావ్ కంట్రోల్" అనాలి. అప్పగించినవారు మరల "యు హావ్ కంట్రోల్" అని, అవతలివారి చేతులను కంటితో చూసిన తరువాతనే తమ చేతులు వదలాలి.

పెద్ద విమానాలకూ ఈ నియమం ప్రాణాధారమే. 2009 జూన్ 1న రియో డి జనీరో నుండి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం అట్లాంటిక్ సముద్రంలో కూలి 228 మంది మరణించారు. ఆ ఎయిర్‌బస్ ఏ330లో ఇద్దరి కంట్రోళ్ళు ఒకదానితో ఒకటి కలిసి కదలవు. చివరి నిమిషాలలో ఎడమవైపు పైలట్ నియంత్రణ తనదని ప్రకటించినా, కుడివైపు పైలట్ ఏమీ చెప్పకుండానే వెంటనే దానిని తిరిగి తీసుకున్నారని దర్యాప్తులో తేలింది. ఆ ప్రమాదానికి కారణాలు అనేకం. పలకని ఆ ఒక్క మాట నన్ను మాత్రం ఈనాటికీ కలవరపెడుతుంది.

మరునాడు మళ్ళీ ఎగిరాము. కంట్రోలు అప్పగించవలసిన తరుణం వచ్చింది. గురువుగారి జవాబు స్పష్టంగా వినబడలేదు. నేను చేతులు వదలలేదు. "ఎవరి చేతిలో ఉంది సార్?" అని అడిగాను. ఆయన చిరునవ్వు నవ్వి, "ఐ హావ్ కంట్రోల్" అన్నారు. వినయమంటే మౌనం కాదని ఆనాడు గ్రహించాను.