కరీంనగరపు వెండితీగె పని, పెండ్లివారి యుంగరము

ఉంగరముల కొఱకు కరీంనగరమునకు పోయితిమని చెప్పిన, హైదరాబాదులో బంగారు దుకాణములు లేవా యని సోదరీమణు లడుగుదురు. కావలసినన్ని యున్నవి. కాని వెండిని దారమువలె సాగదీసి, ఆ దారముతో పూవు లల్లు పనివారు కరీంనగరమున నున్నారు. నిశ్చయతాంబూలములకు నగ లెన్నుకొనువారు ఆ పని నొక్కసారి చూచి, ఆ పిమ్మట అంగడి మెట్లెక్కుట మంచిదని మా యభిప్రాయము.

ఈ విద్యకు పుట్టినిల్లు కరీంనగరము గాదు. మానేటి దాపుననున్న ఎలగందుల. అచ్చటి గిరిదుర్గము కాకతీయులనాటినుండి నైజాము ప్రభువుల వఱకు పెక్కురి యేలుబడి చూచినది. 1905వ సంవత్సరమున జిల్లా ముఖ్యస్థానము కరీంనగరమునకు మారెను. తీగెపనివారును కాలక్రమమున ఆ యూరికే చేరిరి. 2007వ సంవత్సరమున ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఒరిస్సాలోని కటకపు తారకాసి పని దీనికి అక్కచెల్లెలివంటిది. దానికి 2024లో ఆ గుర్తింపు వచ్చినది.

మాతో మా ఆడబిడ్డగారును, పెండ్లికూతురు కావలసిన ఆమె కుమార్తెయు వచ్చిరి. ముందుగా ఒక పనివాని యింటికి పోయితిమి. వెండిని కరిగించి కడ్డీగా పోసి, కమ్మచ్చు బెజ్జములలో వరుసగా పెద్దదానినుండి చిన్నదానిలోనికి లాగి, వెండ్రుకవంటి తీగె తీయుదురు. అట్టివి రెండు పురిపెట్టి నొక్కగా, అంచున నువ్వుగింజలు పేర్చినట్లు సన్నని గంట్లు కనబడును. మందపు తీగెతో ఆకునకో నెమలికో చట్రము వంచి, దాని కడుపులో ఈ పురితీగెను పట్టుకారుతో చుట్టలుగా చుట్టి యిమిడింతురు. వెలిగారమును, అతుకు పొడిని చల్లి, మంట నూది యతుకుదురు. మంట రవంత హెచ్చిన, సన్నతీగె కరగి దినమంతటి పని ముద్దయగును. ఆ పనివాడు ఊదునంతసేపు మేమును ఊపిరి బిగబట్టి కూర్చుంటిమి.

పిల్లకు వెండితీగె యుంగరముమీద మనసు పోయినది. ఆ వృద్ధుడు తన సరకు తానే వలదనెను. "బొట్టుపెట్టె కొనిపో బిడ్డా. ఉంగరం బంగారందే మంచిగుంటది. రోజూ అంట్లు తోమే చేతికి ఈ తీగె ఆగదు" అనెను. ఆ మాట నిజము. అల్లిక సందులు జుట్టునకు, చీరపోగులకు తగులుకొనును. పిండి కలిపిన, పిండి లోపల నిలుచును. మరల అమ్మబోయిన తూకపు వెండిధరయే తప్ప చేతిపనికి విలువకట్టువారు అరుదు. పొదుపునకని తీగెపని కొనరాదు. చూచి సంతోషించుటకే కొనవలెను.

అసలు చిక్కు బంగారు దుకాణమున వచ్చినది. వరుని యుంగరమునకు రవ్వరాయి యుండి తీరవలెనని మా ఆడబిడ్డగారి పట్టు. చేతనున్న సొమ్ము చాలదు. తన గాజులు కుదువబెట్టుదునని ఆమె అప్పటికే నిశ్చయించుకొని వచ్చినది. పెండ్లివా రడుగలేదు, అడుగకమునుపే తల వంచుట మన తల్లుల యలవాటు. మా యింటివారు వడ్డీలెక్క చెప్పిరి. రాయి కొన్న ధరకు మరల అమ్ముడుపోవుట కష్టమని మేమును చెప్పితిమి. ఆమె వినలేదు. అప్పుడు పిల్ల తల్లి చేయి పట్టుకొని, "నీ చేతులు బోసిగా నుండగా నేను పీటమీద కూర్చుండ నమ్మా" అనెను. ఆడబిడ్డగారు చాలసేపు మాటాడలేదు. తుదకు రాయిలేని బంగారు టుంగరములు రెండు తీసి యిండని దుకాణదారునితో తామే చెప్పిరి.

అవి యిరువదిరెండు కారట్లవి. అనగా వేయి పాళ్లలో 916 పాళ్లు మేలిమి. రాళ్లు పొదుగుటకు పదునెనిమిది కారట్ల బంగారము గట్టిది. 2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు నగలపై ఆరక్షరముల సంకేతము నిర్బంధమైనది. భూతద్దమడిగి దానిని చూచుకొనవలెను; సిగ్గుపడ నక్కఱలేదు.

కొలత విషయమున శకుంతల జ్ఞప్తికి వచ్చును. వ్యాసభారతమున ఉంగరపు కథ లేదు. నన్నయగారి శకుంతలకును లేదు. కాళిదాసు నాటకముననే ఉంగరము శచీతీర్థమున జారి చేప కడుపున పడినది. రాజు వ్రేలి యుంగరము ఆశ్రమబాలకు వదులగుట వింతగాదని మాకెప్పుడును తోచును. వ్రేలు చల్లని యుదయమున సన్నగిలి, ఎండకును పనికిని ఉబ్బును. కావున సాయంకాలమున కొలత యిచ్చి, కణుపు దాటునప్పుడు కొంచెము బిగువుగా నుండునది తీసికొనుడు.

రసీదు పిల్ల పేర వ్రాయించితిమి. పెండ్లికూతురికి పెట్టిన నగ స్త్రీధనము. భర్తయు అత్తవారును దానిని దాచియుంచవచ్చునేగాని వారికి హక్కు లేదని 1985లో ప్రతిభారాణి వ్యాజ్యెమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

బంగారమును గోరువెచ్చని నీట కొంచెము కుంకుడురసము కలిపి, మెత్తని కుంచెతో కడిగి, నూలుబట్టతో నద్దిన చాలును. మరుగుదొడ్లు కడుగు క్లోరిను మందు తాకునప్పుడు ఉంగరము తీయవలెను. రవ్వకు జిడ్డు త్వరగా పట్టును. అది తక్కిన నగలను గీయును గనుక వేరు సంచిలో నుంచవలెను. ముత్యములకు పులుసు, అత్తరు గిట్టవు. అలంకారమంతయు ముగిసిన పిదప వానిని ధరించి, తీయునప్పుడు అన్నిటికన్న ముందు తీయవలెను.

తాంబూలపు పళ్లెమున నుంచుటకు వెండితీగె బొట్టుపెట్టెయు కొంటిమి. గాలిలోని గంధకము వెండిని నల్లబఱచును. రబ్బరు, ఉన్ని దాని దాపున నుండరాదు. మన పూజాపాత్రలవలె దీనిని చింతపండుతోను బూడిదతోను తోమిన తీగె వంగును, చుట్టలలో మడ్డి చేరును. సబ్బునీట ముంచి, మెత్తని కుంచె తాకించి, మంచినీట కడిగి, నీడన పూర్తిగా ఆరనిచ్చి, గాలి చొరని సంచిలో నుంచవలెను. కుంకుమ లోపలనే పోయక, చిన్న గాజుగిన్నెలో పోసి యా గిన్నెను పెట్టెలో నుంచుమని పనివాడు పిల్లకు రెండుమారులు చెప్పెను.