దుప్పటి సాక్ష్యం చెల్లదు

పెళ్లయిన మరునాడు దుప్పటి చూసి కోడలి శీలాన్ని తేల్చే పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. దీనికి షరీఅత్‌లో ఆధారమేదని అడిగినవారికి, లేదనే మేము చెబుతూ వచ్చాము.

కన్నెపొర అనేది యోనిద్వారం వద్ద ఉండే పలుచని, సాగే పొర. అది దారిని పూర్తిగా మూసే తలుపే అయితే నెలసరి రక్తం ఎలా వెలుపలికి వస్తుంది? తొలి కలయికలో రక్తం కనిపించని స్త్రీలు ఎందరో. ఏ వైద్యురాలూ ఆ పొరను చూసి కన్యాత్వాన్ని నిర్ధారించలేదు. ఇటువంటి పరీక్షలను మానాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరింది.

మన ఫుఖహాలకు ఇది కొత్త మాట కాదు. మదరసాలలో మేము బోధించే ‘హిదాయా’ నికాహ్ ప్రకరణాన్ని చూడండి. దూకడం వల్ల గానీ, బహిష్టు వల్ల గానీ, గాయం వల్ల గానీ, పెళ్లి కాకుండా వయసు మీరడం వల్ల గానీ ఆ పొర పోయిన యువతి కన్యగానే పరిగణించబడుతుంది. ఇమామ్ మర్గీనానీ (రహ్మతుల్లాహి అలైహ్) ఎనిమిది శతాబ్దాల క్రితమే రాసిన మాట ఇది. దీన్ని వల్లెవేసిన విద్యార్థులే తమ ఇంట దుప్పటి పరీక్ష జరుగుతుంటే నోరు మెదపరు! శీలవతిపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివారికి సూరె నూర్ 80 కొరడా దెబ్బలు విధించింది. ఆ నలుగురిలో దుప్పటి లేదు.

వరుడు చూడవలసింది దుప్పటిని కాదు, భార్య ముఖాన్ని. భయంగా ఉందా, నొప్పిగా ఉందా అని ఆమెనే అడగాలి. భయంతో కండరాలు బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది, అటువంటప్పుడు ఆగాలి. నొప్పి తగ్గకుంటే వైద్యురాలిని సంప్రదించాలి. భార్య తన బాధను చెప్పుకోవడం సిగ్గుమాలినతనం కాదు. స్త్రీకి స్వప్నస్ఖలనం అయితే గుస్ల్ విధి అవుతుందా అని హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజియల్లాహు అన్హా) సాక్షాత్తు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)నే అడిగారు. ఆయన ఆమెను వారించలేదు, సమాధానమిచ్చారు.