గుఱ్ఱమునకు పేగు మూసికొనిన వేళ

నోరులేని జీవము తన నొప్పిని చెప్పుకొనజాలదు. దినదినమును దానికి మేత వేయువారే కనిపెట్టవలెను. మా పుట్టినింట జట్కాబండి యుండెడిది. దానిమీది రాబడియే మా సంసారమున కాధారము. ఉదయమున సాల చిమ్మునపుడు లద్దె యెంత యున్నదో చూడుమని మా అమ్మమ్మగారు మాకు చెప్పెడివారు. ఆ మాటలోని వైద్యము మాకు పిమ్మట బోధపడినది.

గుఱ్ఱము ఆవువలె నెమరువేయదు. మనవలె వాంతి చేసికొననులేదు. లోనికి పోయినది ముందుకే నడువవలెను. దాని పెద్దపేగు మిక్కిలి వెడల్పై, కటిభాగమున వెనుకకు మళ్ళుచోట సన్నగిలును. ఎండుమేత యెక్కువై, నీరు తక్కువై, పండ్లరుగుటచే నమలుట చాలకపోయినచో, మేత యా మలుపుననే గట్టిపడి దారి మూయును.

అపుడు గుఱ్ఱము మేత ముట్టదు. ముంగాలితో నేల గీరును. మాటిమాటికి డొక్క వైపు చూచుకొనును. పడుకొనును, లేచును, పొరలాడును. లద్దె తగ్గును, లేదా చిన్న యుండలై గట్టిగా వచ్చును. డొక్కకు చెవి యానించినచో నెప్పటి గుడగుడ మందగించును. దవుడక్రింది నాడి నిమిషమునకు 28 మొదలు 44 వఱకు కొట్టుకొనుట సహజము. 60 దాటినచో నపాయము. చిగురును వ్రేలితో నొత్తి విడిచినచో, 2 సెకండ్లలో నెఱుపు తిరిగి రావలెను.

ఒక పుష్యమాసమున చలికి మా గుఱ్ఱము నీరు సరిగా త్రాగక యిట్లే బాధపడెను. బండి తోలువాడు వెదురుగొట్టముతో నాముదము పోయుదమనెను. అమ్మమ్మగారు వలదని, మేత తీయించి, పశువైద్యునికి కబురంపిరి. ఆయన చేయి లోనికి పోనిచ్చి తడిమి, గడ్డకట్టిన మేతను గుర్తించెను. ముక్కుగుండ కడుపులోనికి గొట్టము దింపి, వెనుకకు ద్రవమేమియు రాకుండుట చూచి, సుమారు 4 లీటర్ల పారఫిన్ నూనెయు నీరును పోసెను. నొప్పికి సూదిమందిచ్చెను. నోట పోసిన నూనె ఊపిరితిత్తులలోనికి జాఱి ప్రాణము తీయవచ్చునని యపుడాయన చెప్పెను. మఱునాటి వేకువను గుఱ్ఱము లద్దె వేసెను. ఇంటిల్లిపాదికి నది పండుగే!

అన్ని మూతలును మందుతో విడిపోవు. పేగు మెలిపడినచో శస్త్రచికిత్స తప్ప వేఱుదారి లేదు; అందును గంటలే గడువు. కావున తెల్లవారనిమ్మని జాగు చేయరాదు.

నేడు జట్కాలు తగ్గినను, పెండ్లి యూరేగింపులకును, పాడేరు మన్యపు కొండదారులలో బరువుల మోతకును గుఱ్ఱములను పెంచు కుటుంబములు కలవు. అట్టి యిండ్ల సోదరీమణులకు మా మనవి యిది: గుఱ్ఱమునకు దినమునకు 25 మొదలు 40 లీటర్ల నీరు కావలెను, చలికాలమున గోరువెచ్చగా నిండు. క్రొత్త మేతను వారము, పదిదినములలో కొద్దికొద్దిగా అలవాటు చేయుడు. ఏటేట పండ్లు చూపింపుడు. ఇసుకనేలపై మేత వేయకుడు. సాల చిమ్ము చీపురు పట్టినపుడు కన్నులు కూడ పని చేయవలెను. వైద్యునికి మొదటి కబురు అచటనే దొరకును.